చంటిబిడ్డకు ఆయమ్మ కావాలా? కామారెడ్డి, ఎల్లారెడ్డి తల్లులకు నా చిట్కాలు

మా బిడ్డ కామారెడ్డిలో బ్యాంకు ఉద్యోగం, మా కోడలు ఎల్లారెడ్డిలో టీచరు. ఇద్దరి పిల్లలకూ ఆయమ్మలను వెతికి, మాట్లాడి, దగ్గరుండి నేర్పింది నేనే. ఫోన్ కొట్టగానే మనిషిని పంపే కంపెనీలు మన దగ్గర వీధికొకటి ఉండవు, ఒకరి నోట ఒకరు విని తెలుసుకోవాల్సిందే. ఎవరు అడిగినా నేను ఒకటే చెప్తా: జీతం బేరం కంటే ముందు పని మాట తేల్చుకోండి. తేలని మాటల వల్లే మంచి మనుషులు చేజారిపోతారు, పసిదానికి నెలకో కొత్త చేయి అలవాటు చేయాల్సి వస్తుంది.

వెతకడం

1. సర్కారు ఉద్యోగమైతే ప్రసూతి సెలవు 180 రోజులు, ప్రైవేటులో చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాలు. బిడ్డకు మూడో నెల పడగానే వెతకడం మొదలుపెట్టండి, సెలవు ముగిసే వారంలో దొరికినామెను దొరికినట్టు పెట్టుకునే బాధ తప్పుతుంది.

2. ముందుగా అడగాల్సింది పిల్లలకు నీళ్లు పోసే అవ్వను. ఆమె పది బాలింతల ఇండ్లు తిరుగుతుంది, ఏ ఇంట్లో ఏ ఆయమ్మకు పని అయిపోవచ్చిందో, ఎవరి చేయి మెత్తనో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

3. తర్వాత మీ వాడకు వచ్చే ఆశ కార్యకర్త. దవాఖానలో కాన్పయి ఇంటికొచ్చాక 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఆమె బిడ్డను చూడటానికి వస్తుంది, అప్పుడే చెవిన వేసి ఉంచండి, పైసా ఖర్చు లేదు.

4. ఊళ్లో అయితే మహిళా సంఘం లీడరును, పట్టణంలో అయితే సంఘాలను చూసే మెప్మా ఆర్పీని అడగండి. సంఘం కిస్తు తేదీ తప్పకుండా కట్టే మనిషి పనికీ వేళ తప్పదు, ఇది నేను మళ్లీ మళ్లీ చూసిన మాట.

5. అంగన్‌వాడీలో చేసి దిగిపోయిన ఆయమ్మ మీ చుట్టుపక్కల ఉంటే వదలకండి. బరువు తూచడం, టీకాల కార్డు చూడటం ఆమెకు కొత్త కాదు, మీకు నేర్పే పని సగం మిగులుతుంది.

6. వాట్సాప్ గ్రూపులో పెట్టేటప్పుడు వాడ పేరు, పని వేళలు, ఫోన్ నంబరు చాలు. ఇంటి నంబరు, బిడ్డ ఫొటో, "పగలు ఇంట్లో ఎవరం ఉండం" అన్న మాట ఎప్పుడూ రాయకండి.

7. పట్టణంలోనే కావాలని పట్టుబట్టకండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, తాడ్వాయి నుంచి కామారెడ్డికి, లింగంపేట నుంచి ఎల్లారెడ్డికి వచ్చే ఆమెకు చార్జీ భారం ఉండదు, ఆధార్ కార్డు సంచిలో ఉంటే సరి.

8. ఆమె ఊరి నుంచి పొద్దున మొదటి బస్సు, సాయంత్రం చివరి బస్సు ఎప్పుడో ఆమెనే అడిగి కాగితం మీద రాసుకోండి. మీ ఆఫీసు వేళకు ఆ బస్సులు కలవకపోతే మనిషి ఎంత మంచిదైనా మూడో వారంలో చిక్కు మొదలవుతుంది.

9. అసలు ఆయమ్మతో పాటు నడిచి వచ్చేంత దూరంలో ఇంకొకామెను ఆపత్కాలానికి అనుకుని ఉంచండి. 2025 ఆగస్టు ఆఖరున కామారెడ్డిలో కుండపోతగా కురిసి రోడ్లు తెగి, రైళ్లు ఆగినప్పుడు పక్క వీధి మనిషే అక్కరకొచ్చింది.

10. హైదరాబాదు ఏజెన్సీ నుంచి తెప్పించుకోవాలంటే మనిషి వచ్చి పదిరోజులు పని చేశాకే ఫీజు మొత్తం కడతామని చెప్పండి. మా చుట్టాలమ్మాయి ముందే అంతా కట్టింది, వచ్చినామె నాలుగో రోజు వెళ్లిపోయింది, రశీదు లేదు కాబట్టి అడగడానికీ లేకపోయింది.

11. వానాకాలం నాట్లప్పుడు, యాసంగి నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు కూలి రేటు పెరుగుతుంది, చాలామంది ఆ పనికే పోతారు. పొలం ఉందా, ఏ నెలల్లో పోవాలి అని మొదటి రోజే అడిగితే ఆ పదిహేను రోజులకు మీ అమ్మనో అత్తనో ముందే రమ్మనుకోవచ్చు.

12. మన దిక్కు చాలా ఇండ్లలో బీడీలు చుడతారు. చుట్టిన బీడీలు కంపెనీలో అప్పజెప్పే రోజు ఏదో తెలుసుకుని ఆ పూట ఆలస్యంగా రమ్మనండి, ఆమె బీడీల ఆదాయం ఆగదు, మీకు చెప్పకుండా మానడం ఉండదు.

13. "పిల్లను ఎత్తుకోవడానికే కదా" అని పన్నెండేండ్ల పోరిని తెచ్చి పెట్టకండి, ఆమె కూడా బిడ్డే. 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకుంటే ఆరు నెలల నుంచి రెండేండ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల జరిమానా, లేదా రెండూ పడతాయి. నా మాట వింటే 18 నిండని వాళ్ల చేతిలో చంటిదాన్ని అసలే పెట్టకండి. అట్లాంటి పిల్ల ఎవరింట్లోనైనా కనిపిస్తే 1098కి చెప్పండి.

మాట్లాడటం

14. ఆమెను మీ ఇంటికి పిలవకముందే ఒకసారి మీరు ఆమె ఇంటికి పొండి. వాకిలి, నీళ్ల కుండ, ఆమె పిల్లలు ఆమెతో మాట్లాడే తీరు చూస్తే పది ప్రశ్నలు అడిగే పని ఉండదు.

15. ఇదివరకు చేసిన రెండు ఇండ్ల వాళ్లను కలిసి "మళ్లీ బిడ్డ పుడితే ఈమెనే పెట్టుకుంటారా?" అని ఒక్కటే అడగండి. "మంచిదే" అని అందరూ అంటారు, ఈ ప్రశ్నకు మాత్రం ఆగి జవాబు చెప్తే అక్కడే కొంత తెలిసిపోతుంది.

16. బిడ్డను ఆమె ఒడిలో పెట్టి పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. అడగకుండానే చేతులు కడుక్కుందా, మెడ కింద చేయి పెట్టిందా, బిడ్డ మొహంలోకి చూసి మాట్లాడిందా, ఈ మూడూ చూసుకోండి.

17. "పాప గంటసేపు ఆపకుండా ఏడిస్తే ఏం చేస్తవక్కా?" అని అడగండి. "పాలు, ఉచ్చగుడ్డ చూస్త, భుజాన ఏసుకుని తిప్పుత, ఆగకపోతే నీకు ఫోన్ చేస్త" అన్న ఆమె పనికొస్తుంది, "మా దగ్గర ఎందుకు ఏడుస్తది?" అన్న ఆమె మీద నాకు నమ్మకం కుదరదు.

18. ఆమె పిల్లలను పగలు ఎవరు చూస్తారో అడగండి. వాళ్లకు జ్వరమొస్తే దగ్గరుండే మనిషి లేకపోతే ఆమె మానక తప్పదు, అది ఆమె తప్పు కాదు, అట్లాంటి రోజులు ముందే లెక్కలో వేసుకుంటే మీకు ఇబ్బంది ఉండదు.

19. రెండు వారాలు దాటిన దగ్గుంటే సర్కారు దవాఖానలో తెమడ పరీక్ష ఉచితం, చేయించాకే పనిలోకి రమ్మనండి. మీరే తోడు పోయి చేయిస్తే అవమానంగా అనుకోదు.

20. తంబాకు నమిలే అలవాటు, కల్లు అలవాటు ఉన్నాయా అని నేరుగా, మెల్లగా అడగండి. బిడ్డ దగ్గర తంబాకు వద్దు, ముందు రోజు మత్తు దిగకపోతే ఆ రోజు పనికి రావద్దు అని ఒక్క మాటలో తేల్చేయండి.

21. ఆధార్ నకలు, ఒక ఫొటో, ఇంటాయన నంబరు, ఊళ్లో ఇంకొకరి నంబరు తీసుకోండి, ఒక నకలు మీ పరిధి పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రండి. ఆమెకు చెప్పే చేయండి, మీ నంబరు, మీ ఆఫీసు అడ్రసు కూడా ఆమెకు రాసివ్వండి, అప్పుడు ఇద్దరికీ ధైర్యం.

22. నలభై దాటిన ఆమెను వయసు చూసి వద్దనకండి. ఇద్దరు ముగ్గురిని పెంచిన చేయికి తెలిసింది పుస్తకంలో దొరకదు, చూపు మాత్రం సరిగా ఉందో లేదో మందు సీసా మీది గీత చూపించి కనుక్కోండి.

23. మద్నూర్, జుక్కల్ దిక్కు నుంచి వచ్చిన ఆమె మరాఠీలోనో కన్నడలోనో జోల పాడితే, తండా నుంచి వచ్చిన ఆమె లంబాడీలో మాట్లాడితే ఆపకండి. మా మనవరాలు ఏడాదిన్నరకే రెండు భాషల్లో నీళ్లు అడిగేది.

పైసలు

24. జీతం కట్టేటప్పుడు బయట కూలి రేటుతో లెక్క వేయండి: రోజుకు 400 నడుస్తుందనుకుంటే 26 రోజులకు 10,400. దీనికంటే బాగా తక్కువ ఇస్తే నాట్లు రాగానే ఆమె పోతుంది, కొత్త మనిషిని వెతికే నెలలో మీరు పెట్టే జీతం నష్టపు సెలవులకు పోయేది ఆ మిగుల్చుకున్న దానికంటే ఎక్కువే అవుతుంది.

25. ఏమేం పనో ఒక కాగితం మీద రాసి చదివి వినిపించండి: పాలు పట్టడం, బట్టలు మార్చడం, బిడ్డ బట్టలు ఉతకడం, బిడ్డ గిన్నెలు మరగబెట్టడం. అందులో లేని పని అడిగితే దానికి పైసలు వేరే అని మీరే ముందు చెప్పండి.

26. బిడ్డను చూసే ఆమెతో ఇల్లంతా ఊడిపించి, అంట్లు తోమించకండి. ఆమె అంట్ల దగ్గర ఉన్నంతసేపు బిడ్డ దగ్గర ఎవరూ లేనట్టే, అంట్లకు వేరే ఆమెను పెట్టుకోవడమే చవక.

27. నెలకు నాలుగు సెలవులు, వాటిలో మీ ఊరి అంగడి రోజు ఒకటి ఉండేలా చూడండి. ఎంగిలిపూల నాడు సగం పూట, సద్దుల బతుకమ్మ నాడు, దసరా నాడు పూర్తి సెలవు ముందే రాసుకోండి, ఆ రోజుల్లో రమ్మన్నా మనసు ఇక్కడ ఉండదు.

28. జీతం ప్రతి నెలా ఒకే తేదీన, ఆమె సొంత ఖాతాకో ఆమె చేతికో ఇవ్వండి, ఇంటాయన ఫోన్‌కు కొట్టకండి. ఇచ్చిన రోజు నోటుబుక్కులో తేదీ వేసి సంతకమో వేలిముద్రో పెట్టిస్తే ఆరు నెలల తర్వాత మాటకు మాట రాదు.

29. మొదటి నెలలో అడ్వాన్స్ ఇవ్వకండి, మూడో నెల తర్వాత నెల జీతానికి మించకుండా ఇచ్చి నాలుగు భాగాలుగా కోసుకోండి. దవాఖాన ఖర్చుకు అడిగితే మాత్రం ఈ లెక్క చూడకండి.

30. ఏడాదికి 20 రూపాయలకే 2 లక్షల ప్రమాద బీమా ఉంది, ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన పేరుతో ఆమె బ్యాంకులోనే కట్టొచ్చు. ఆ ఇరవై మీరే కట్టండి, పనిలో పనిగా ఈ-శ్రమ్ కార్డు కూడా ఉచితంగా చేయించండి, 16 నుంచి 59 ఏండ్ల వాళ్లకు ఇస్తారు.

31. ఆమెకు వేరే గ్లాసు, వేరే పళ్లెం పెట్టే అలవాటు మీ ఇంట్లో ఉంటే ఈరోజే తీసేయండి. మీ బిడ్డను గుండెకు ఆనించుకునే మనిషి మీ గిన్నె ముట్టుకోకూడదంటే అది ఆమెకు గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాల్సిన మాటే అది. మీరు తిన్నదే మధ్యాహ్నం ఆమెకూ పెట్టండి, బువ్వ డబ్బా మోసే పని తప్పుతుంది, ఆకలి మీద ఉన్న మనిషి చేతిలో బిడ్డ ఉండదు.

32. సాయంత్రం అరగంట దాటితే గంటకు ఇంత అని ముందే అనుకోండి. బస్సు తప్పిన రోజు ఇంటి దాకా దింపే పని మీదే.

33. పక్కింట్లోనూ చంటిబిడ్డ ఉంటే ఇద్దరికీ ఒకే ఆయమ్మ, జీతం చెరి సగం అన్న ఆలోచన బిడ్డలకు ఎనిమిది నెలలు దాటాక మంచిదే. అంతకు ముందు వద్దు, ఇద్దరూ ఒకేసారి పాలకు ఏడిస్తే ఒక్క మనిషి ఏం చేస్తుంది?

మొదటి పదిహేను రోజులు

నన్నడిగితే ఆయమ్మ కుదిరిందా లేదా అన్నది తేలేది ఇక్కడే. మీ సెలవు ఇంకా ఉండగానే ఆమెను రప్పించుకోండి, ఈ పదిహేను రోజుల జీతం దండగ అనుకున్న వాళ్లెవరూ తర్వాత సుఖపడలేదు.

34. మొదటి మూడు రోజులు మీరు చేయండి, ఆమె చూస్తుంది. తర్వాత మూడు రోజులు ఆమె చేస్తుంది, మీరు నోరెత్తకుండా చూడండి, ఏదైనా తప్పనిపిస్తే బిడ్డ పడుకున్నాక చెప్పండి, నలుగురిలో కాదు.

35. ఏడో రోజు అరగంట, ఎనిమిదో రోజు గంట, అట్లా పెంచుకుంటూ బయటికి పొండి. పదిహేనో రోజుకు పొద్దంతా వదిలి ఉండగలిగితే బిడ్డకూ మీకూ ఏడుపు తగ్గుతుంది.

36. ఆ రోజుల్లో ఒకటి రెండుసార్లు చెప్పిన వేళ కంటే ముందే తిరిగి రండి, వచ్చి ఆమెను నిలదీయకండి, బిడ్డను చూడండి చాలు. పొడి గుడ్డ, నిండిన కడుపు, ఆమెను చూసి నవ్వే మొహం ఉంటే ఇంక అనుమానం పెట్టుకోకండి.

37. ఒక నోటుబుక్కులో గడులు గీసి పాలకు గిన్నె బొమ్మ, ఉచ్చకు చుక్క, నిద్రకు చందమామ వేయండి, ప్రతిసారీ ఒక గీత పెడితే చాలు. చదువు రాని ఆమె కూడా నింపుతుంది, సాయంత్రం "పాప ఎన్నిసార్లు తాగింది?" అని అడిగే పని ఉండదు. చిన్న పాప రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తే పాలు సరిపోయినట్టు.

38. ఇంట్లో కెమెరా పెడితే ఎక్కడుందో ఆమెకు చూపించండి, ఆమె బట్టలు మార్చుకునే గదిలో పెట్టకండి. దాచి పెట్టింది బయటపడిన రోజు మంచి మనిషి కూడా చెప్పకుండా మానేస్తుంది.

39. మధ్యాహ్నం భోజనం వేళ, సాయంత్రం టీ వేళ, ఈ రెండుసార్లే ఫోన్ చేస్తానని చెప్పి అట్లాగే చేయండి. గంటకోసారి చేస్తే ఆమె చేతిలో బిడ్డ బదులు ఫోన్ ఉంటుంది.

40. గాజులు పైకి జరుపుకోవడం, గోళ్లు తీసుకోవడం, పుస్తెలతాడుకు, కొంగుకు పెట్టిన పిన్నీసులు తీసి గోడ మీది డబ్బాలో వేయడం రాగానే చేసే మొదటి పనిగా అలవాటు చేయండి. ఈ డబ్బా పది రూపాయల ఖర్చు, బిడ్డ చెంప గీరుకుపోయే బాధ తప్పుతుంది.

41. బీడీలు చుట్టే ఆమె కోసం మీ ఇంట్లోనే రెండు నూలు చీరలు ఉంచండి, రాగానే మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని చీర మార్చుకోమనండి. తంబాకు దుమ్ము చేతులకు, కొంగుకు పట్టి ఉంటుంది, బిడ్డ ఆ కొంగే నోట్లో పెట్టుకుంటుంది.

పాలు, బువ్వ

42. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే, నీళ్లు కూడా వద్దని ఆయమ్మకు, మీ అత్తగారికి ఒకేసారి, ఒకే గదిలో చెప్పండి. "ఎండకు గొంతెండుతది" అని చెంచాడు నీళ్లు పోయడం మన దగ్గర మామూలు, తల్లిపాలలోనే ఆ వయసుకు సరిపడా నీళ్లుంటాయి.

43. పిండిన పాలు 25 డిగ్రీల లోపు చల్లని గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. మన ఎండలు 40 దాటుతాయి కాబట్టి బయట ఉంచే ఆలోచనే వద్దు, పిండగానే మూత పెట్టి ఫ్రిజ్ లోపలి అరలో పెట్టండి, తలుపు అరలో కాదు.

44. స్టీలు గిన్నెల మీద తేదీ, వేళ రాసిన కాగితం అంటించి, పాతది ముందు వరుసలో పెట్టండి. ఒక్కో గిన్నెలో ఒక పూట పాలే పోస్తే మిగిలి పారబోసేది ఉండదు.

45. ఫ్రిజ్ పాలను పొయ్యి మీద పెట్టొద్దు, వేడినీళ్ల గిన్నెలో ఆ గిన్నె పెట్టి గోరువెచ్చన చేయమనండి. మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూశాకే బిడ్డకు.

46. పాలసీసా వద్దు, ఉగ్గుగిన్నె గానీ చిన్న గిన్నె, చెంచా గానీ మంచిది. సీసా సందుల్లో పాలు నిలిచి క్రిములు పెరుగుతాయి, గిన్నె ఒక్క రుద్దుతో శుభ్రమవుతుంది, బిడ్డ తల్లి రొమ్మును మరవదు.

47. పాలు పిండటం రాకపోతే సిగ్గుపడకుండా నర్సును అడగండి. మన జిల్లాలోనే బాన్సువాడ మాతాశిశు దవాఖానకు తల్లిపాలను ప్రోత్సహించినందుకు గుర్తింపు వచ్చింది, టీకాకు పోయినప్పుడు ఆయమ్మను కూడా తీసుకెళ్లి నేర్పించుకోండి.

48. డబ్బాపాలు తప్పకపోతే డబ్బా మీద రాసిన కొలతే కొలత, పొడి మిగుల్చుదామని నీళ్లు ఎక్కువ కలపొద్దు. ఆ పొదుపు బిడ్డ బరువులో కనిపిస్తుంది.

49. ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు, వసకొమ్ము అరగదీసి పోయొద్దు, మత్తుతో నిద్రపుచ్చే మందు ఎప్పుడూ పట్టొద్దు. ఈ మూడూ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించి చదివి వినిపించండి.

50. ఆరు నెలలు దాటాక మూడు గిద్దెల బియ్యానికి గిద్దెడు పెసరపప్పు కలిపి కడిగి, ఆరబెట్టి, దోరగా వేయించి పొడి కొట్టి డబ్బాలో పోసుకోండి. వారానికి సరిపడా ఉగ్గు సిద్ధం, ఆయమ్మ పది నిమిషాల్లో ఉడికించి చెంచాడు నెయ్యి వేసి పెడుతుంది.

51. ఏడో నెల పడగానే అంగన్‌వాడీలో పేరు రాయించండి, నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్ ఇస్తారు. తెచ్చే పని ఆయమ్మకు అప్పజెప్తే అక్కడే బరువు కూడా తూయించుకొస్తుంది.

తానం, నిద్ర

52. నీళ్లు పోసే అవ్వకూ, ఆయమ్మకూ ఒకటే మాట: ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వద్దు, ముక్కులోకి ఊదడం వద్దు. ముక్కులో వేసిన నూనె ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదికి తెస్తుంది.

53. బొడ్డుకు పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేస్తే అదే రాలిపోతుంది. కళ్లకు కాటుక వద్దు, దిష్టికి పాదం మీద చుక్క పెట్టుకోండి, అవ్వ మనసూ నొచ్చుకోదు.

54. సాంబ్రాణి పొగ బిడ్డ ఉన్న గదిలో వేయొద్దు. తల తడి ఆరాలంటే మెత్తని నూలుగుడ్డతో అద్దితే చాలు.

55. తొట్టెలలో దిండు, మందపు బొంత పెట్టకుండా బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమనండి. పాత నూలు చీర తొట్టెలకు తాడు ముడి, పైకొక్కెం వారానికోసారి చేతితో లాగి చూడండి.

56. ఎంత ఏడ్చినా బిడ్డను పట్టుకుని గట్టిగా ఊపొద్దు, ఎగరేయొద్దు, లోపల మెదడుకు దెబ్బ తగులుతుంది. విసుగొస్తే బిడ్డను తొట్టెలలో పడుకోబెట్టి గడప దాకా పోయి నీళ్లు తాగి రమ్మనండి, విసుగు రావడం తప్పు కాదని మీరే చెప్పండి.

57. పాకే వయసు రాగానే బాత్రూం గడియ పెట్టడం, నీళ్ల బకెట్లు బోర్లించడం ఆయమ్మ పనిలో రాయండి. జానెడు నీళ్లున్న బకెట్ కూడా పసిదానికి చెరువే.

జ్వరం, ఆపద

58. 108, మీ పిల్లల డాక్టరు, మీరు, ఇంటాయన, పక్కింటి వదిన, ఈ ఐదు నంబర్లు పెద్దగా రాసి తలుపు వెనక అంటించండి. ఇంటి గుర్తు కూడా రాయండి, కంగారులో ఆయమ్మకు అడ్రసు చెప్పడం రాదు.

59. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఉంటే ఇంటి వైద్యం లేదు, నేరుగా దవాఖానే. డిజిటల్ థర్మామీటర్ కొని ఆ అంకె ఎక్కడ కనిపిస్తుందో చూపించి, ఆయమ్మతో రెండుసార్లు చేయించండి.

60. పాలు తాగకపోవడం, డొక్కలు ఎగరేయడం, పెదాలు నీలం కావడం, లేపినా లేవకపోవడం, వీటిలో ఒక్కటి కనిపించినా నాకు ఫోన్ చేసి అడగకు, ముందు 108కి కొట్టు అని చెప్పండి. మిమ్మల్ని అడిగి చేద్దామని ఆగిన పది నిమిషాలే పోతాయి.

61. విరేచనాలకు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, జింకు బిళ్లలు ఆశ దగ్గర ఉచితం, ఇంట్లో ముందే ఉంచండి. ఎంత ఇవ్వాలో డాక్టరు చెప్పిన కొలత ప్యాకెట్ మీదే రాసి పెట్టండి.

62. పల్లీలు, గుడాలు, రేగుపండ్లు, గోలీలు బిడ్డ చేతికి అందే ఎత్తులో ఉండొద్దు. గొంతులో ఇరికి ఊపిరాడకపోతే ముంజేయి మీద బోర్లా, తల కిందికి వచ్చేలా పట్టుకుని భుజాల మధ్య ఐదు చరుపులు, తిప్పి రొమ్ము మధ్యలో ఐదు నొక్కులు, వచ్చేదాకా ఇట్లాగే. నర్సును బతిమాలి ఆయమ్మకు బొమ్మ మీద ఒకసారి చేయించండి.

63. ఆరు, పది, పద్నాలుగు వారాలు, తర్వాత తొమ్మిది నెలలు నిండాక టీకాలు, ఆ రోజుల్లో ఆయమ్మకు సెలవు లేకుండా ముందే చెప్పుకోండి. సూదేసిన చోట రుద్దడం, నూనె రాయడం వద్దు.

మానేసేటప్పుడు

64. మానాలన్నా, మానిపించాలన్నా పదిహేను రోజుల ముందు చెప్పాలని మొదటి కాగితంలోనే ఉండాలి, మీరు తప్పితే పదిహేను రోజుల జీతం ఇవ్వండి. కొత్త ఆమె ఆ పదిహేను రోజులూ పాత ఆమె పక్కన ఉంటే బిడ్డకు చేయి మారినట్టు తెలియదు.

65. బిడ్డను కొట్టిందని తెలిస్తే మాత్రం ఈ పదిహేను రోజుల లెక్క లేదు, ఆ పూటే జీతం చేతిలో పెట్టి పంపించేయండి, దెబ్బ తగిలితే పోలీస్ స్టేషన్‌కు పొండి. ఒక్కసారే కదా అని ఊరుకున్న వాళ్లను చూశా, ఒక్కసారితో ఆగలేదు.

66. మీ బిడ్డ బడికి పోయే వయసు రాకముందే ఆ ఆయమ్మ కోసం తర్వాతి ఇల్లు మీరే చూడండి, నీళ్లు పోసే అవ్వకు, ఆశకు మీరే చెప్పండి. మా ఎల్లారెడ్డి ఆయమ్మ ఇప్పుడు మూడో ఇంట్లో చేస్తోంది, బతుకమ్మకు మా మనవరాలు ఇంకా ఆమె చేయి పట్టుకునే వాకిట్లోకి దిగుతుంది.